వెబ్ సేవలతో బహుసందేశ సంభాషణ

వెబ్ సేవలతో బహుసందేశ సంభాషణ అనగా ఒక సాఫ్టువేరు క్లయింటుకు, ఒకటి లేదా అంతకంటె ఎక్కువ వెబ్ సేవలకు మధ్య ఒకే పని నిమిత్తం ఒక క్రమంలో జరిగే అనేక సందేశాల మార్పిడి. ఒక పట్టణంలో ఉష్ణోగ్రత ఎంతో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న, ఒక జవాబు సరిపోతాయి. కాని ప్రయాణానికి సీట్లు కేటాయింపజేసుకొని, సొమ్ము చెల్లించి, టిక్కెట్టు పొందడానికి పలు సందేశాలు కావలసి ఉంటుంది. వాటిలో ప్రతి ఒక్కటీ అంతకుముందు జరిగిన దానిపై ఆధారపడి ఉంటుంది. ఇట్టి సందేశాలను ఒకదానితో ఒకటి ముడివేయడం, వరుస తప్పకుండా చూడడం, మధ్యలో ఏదైనా సందేశం పోయినప్పుడు పనిని చక్కదిద్దడం – ఈ మూడింటినీ కలిపి సంభాషణ నిర్వహణ అనవచ్చును.

ఈ విషయమంతటికీ ఆధారమైన సూత్రం ఒకటున్నది: జవాబు రాలేదంటే పని జరగలేదని అర్థం కాదు. ఈ తేడాను గుర్తించని సాఫ్టువేరు ఒకే కొనుగోలుకు రెండుసార్లు సొమ్ము తీసుకొనవచ్చును, లేదా సొమ్ము తీసుకొని కూడా టిక్కెట్టు ఇవ్వకపోవచ్చును.

నేపథ్యం

వెబ్ సేవ అనేది మనుషులు చదవడానికి గాక ఇతర ప్రోగ్రాములు వాడుకోవడానికి అంతర్జాలంలో ఉంచిన సాఫ్టువేరు. దానికి సందేశం పంపే ప్రోగ్రామును క్లయింటు అంటారు. ఈ సందేశాలు చాలావరకు హెచ్.టి.టి.పి. అనే ప్రోటోకాల్ ద్వారా ప్రయాణిస్తాయి.

హెచ్.టి.టి.పి. స్థితిరహితమైన ప్రోటోకాల్. అంటే ఇందులో ప్రతి అభ్యర్థన దానికదే సంపూర్ణం. నిన్న ఏమి అడిగారో, క్షణం క్రితం ఏమి చెప్పారో ప్రోటోకాల్ గుర్తుంచుకోదు. లక్షలాది మందికి ఒకే సర్వరు సులువుగా జవాబివ్వగలగడానికి ఈ లక్షణం తోడ్పడింది. కాని కొట్టులో ఒక్కొక్క వస్తువూ ఎంచుకొని చివరకు లెక్క కట్టించుకొనే పద్ధతికి ఇది అడ్డు వచ్చింది. ఈ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటుల్లీ కుకీ అనే ఏర్పాటును రూపొందించాడు. సర్వరు ఇచ్చిన చిన్న గుర్తును బ్రౌజరు దాచుకొని, తరువాతి అభ్యర్థనలతో పాటు తిరిగి పంపడమే ఇందులోని కిటుకు. బహుసందేశ సంభాషణలో వాడే గుర్తులన్నింటికీ ఇదే తరహా ఆలోచన మూలం.

ఒక ఉదాహరణ

ఒక కుటుంబం తిరుపతి ప్రయాణానికి ఏర్పాట్లు చేసుకొంటున్నదని అనుకొందాం. వారు వాడే ప్రయాణ సాఫ్టువేరు మూడు వెబ్ సేవలతో మాట్లాడవలసి ఉంటుంది. మొదటిది బస్సు సీట్లది, రెండవది వసతి గదులది, మూడవది చెల్లింపులది. పని ఈ విధంగా సాగుతుంది:

1. ఫలానా తేదీన సీట్లు ఉన్నాయా అని విచారించడం.
2. నాలుగు సీట్లను పది నిమిషాల పాటు తాత్కాలికంగా పట్టి ఉంచమని కోరడం.
3. గదిని కూడా అదే విధంగా పట్టి ఉంచమని కోరడం.
4. సొమ్ము చెల్లించడం.
5. సీట్లను, గదిని ఖరారు చేయడం.

విచారణ ఎన్నిసార్లు జరిగినా ఎవరికీ నష్టం లేదు. కాని రెండవ మెట్టు నుండి ప్రతి సందేశమూ లోకంలో ఏదో ఒక మార్పు తెస్తుంది. పట్టి ఉంచిన సీటు మరొకరికి దొరకదు. చెల్లించిన సొమ్ము ఖాతా నుండి పోతుంది. నాలుగవ మెట్టు తరువాత సంబంధం తెగిపోతే ఆ కుటుంబానికి సొమ్మూ లేదు, సీటూ లేదు. ఈ స్థితి రాకుండా, వచ్చినా నిలిచిపోకుండా చూడడమే సంభాషణ నిర్వహణ ప్రయోజనం.

ప్రధాన సమస్య

క్లయింటు పంపిన అభ్యర్థనకు జవాబు రాలేదంటే మూడు కారణాలు ఉండవచ్చును. అభ్యర్థన సర్వరుకు చేరకపోయి ఉండవచ్చును. చేరినా, పని మధ్యలో సర్వరు ఆగిపోయి ఉండవచ్చును. పని పూర్తయి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చును. క్లయింటు వైపు నుండి చూస్తే ఈ మూడూ ఒకే విధంగా కనబడతాయి.

మరికొన్ని సందేశాలు పంపి ఈ సందేహాన్ని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. దీనిని కంప్యూటరు శాస్త్రంలో ఇద్దరు సేనానుల సమస్య అంటారు. రెండు కొండల మీద ఉన్న రెండు సేనలు ఒకేసారి దాడి చేస్తేనే గెలుస్తాయి. వారి మధ్య వార్తాహరుడు శత్రువుల లోయ గుండా పోవాలి. అతడు పట్టుబడవచ్చు. మొదటి సేనాని పంపిన కబురు అందిందని రెండవవాడు తిరుగు కబురు పంపాలి. ఆ తిరుగు కబురు అందిందో లేదో అతనికి తెలియదు కనుక దానికి మరొక కబురు కావాలి. ఈ వరుసకు అంతం లేదు. 1975లో ప్రచురితమైన ఒక పరిశోధనా పత్రంలో ఈ సమస్య మొదట కనబడింది. 1978లో జిమ్ గ్రే దీనిని సేనానుల కథగా ప్రచారంలోకి తెచ్చాడు.

కనుక సంభాషణ నిర్వహణలో సందేశాలు పోకుండా చేయడం కంటె, పోయినా నష్టం కలుగకుండా చేయడం ముఖ్యం. ఇందుకు వాడే సాధనాలు ఈ దిగువ ఇవ్వబడినవి.

సంభాషణకు గుర్తు

ఒకే క్షణంలో వేలాది సంభాషణలు నడుస్తున్నపుడు, వచ్చిన సందేశం ఏ సంభాషణకు చెందినదో తెలియాలి. ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరప్రత్యుత్తరాలలో ప్రతి లేఖకు ఒక ఆర్.సి. నంబరు ఉంటుంది. జవాబు వ్రాసేవారు ఆ నంబరును పైన ఉటంకిస్తారు. గుమాస్తా దానిని చూచి సరియైన ఫైలు తీస్తాడు. వెబ్ సేవలలో కూడా ఇదే పద్ధతి. సంభాషణ మొదలైనపుడు ఒక ప్రత్యేక సంఖ్యను ఏర్పరచి, ఆ సంభాషణలోని ప్రతి సందేశంలోనూ దానిని చేరుస్తారు. ప్రతి సందేశానికి విడిగా మరొక సంఖ్య కూడా ఉంటుంది. జవాబులో ఇది ఫలానా సందేశానికి జవాబు అని ఆ సంఖ్యను చూపుతారు.

ఈ గుర్తు ఇతరులు ఊహించడానికి వీలు లేనిదై ఉండాలి. 1, 2, 3 అని వరుసగా సంఖ్యలు ఇస్తే, ఒకరి సంభాషణలోకి మరొకరు చొరబడే అవకాశం పెరుగుతుంది. గుర్తు తెలిసినంత మాత్రాన ఎవరినీ అనుమతించకుండా, పంపినవారు ఎవరో కూడా ప్రతిసారీ సరిచూడాలి.

స్థితులు, క్రమం

సంభాషణను కొన్ని స్థితులుగా విభజించి, ఏ స్థితిలో ఏ సందేశం చెల్లుతుందో ముందే నిర్ణయిస్తారు. పై ఉదాహరణలో సీట్ల సంభాషణకు విచారణ, తాత్కాలిక కేటాయింపు, ఖరారు, రద్దు, గడువు ముగింపు అనే స్థితులు ఉంటాయి. తాత్కాలిక కేటాయింపు స్థితిలో ఖరారు సందేశం చెల్లుతుంది. గడువు ముగిసిన తరువాత అదే సందేశం వస్తే సేవ దానిని తిరస్కరించి, కారణం స్పష్టంగా తెలపాలి.

సందేశాలు పంపిన వరుసలోనే చేరుతాయన్న హామీ అన్ని వేళలా ఉండదు. రద్దు సందేశం ముందుగా చేరి, దానికంటె ముందు పంపిన కేటాయింపు సందేశం తరువాత చేరవచ్చును. అపుడు సేవ ఎవరికీ అక్కరలేని సీటును పట్టి ఉంచుతుంది. సందేశాలకు వరుస సంఖ్యలు వేయడం, రద్దయిన సంభాషణల గుర్తులను కొంతకాలం భద్రపరచడం ఇందుకు విరుగుడు.

జవాబు కోసం వేచి ఉండడం

కొన్ని పనులకు క్షణాలలో జవాబు వస్తుంది. కొన్నింటికి గంటలు, రోజులు పడుతుంది. అంతసేపూ సంబంధాన్ని తెరచి ఉంచడం సాధ్యం కాదు. కనుక సేవ మొదట అభ్యర్థన అందినట్లు మాత్రమే తెలుపుతుంది. హెచ్.టి.టి.పి.లో ఇందుకు 202 అనే జవాబు సంకేతం ఉన్నది. అభ్యర్థన స్వీకరించబడినది, పని ఇంకా పూర్తి కాలేదు అని దీని అర్థం. దీనిని పని పూర్తయినట్లు భావించడం కొత్తగా ప్రోగ్రాములు వ్రాసేవారు చేసే పొరపాట్లలో ఒకటి.

తుది ఫలితం తెలుసుకోవడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది పోలింగ్. ఇందులో క్లయింటే మధ్యమధ్య పని ఎంతవరకు వచ్చిందని అడుగుతుంది. రెండవది కాల్‌బ్యాక్. ఇందులో పని పూర్తి కాగానే సేవే క్లయింటు ఇచ్చిన చిరునామాకు కబురు పంపుతుంది. పోలింగ్ తేలిక, కాని వృథా సందేశాలు ఎక్కువ. కాల్‌బ్యాక్‌లో వృథా తక్కువ, కాని ఆ కబురు కూడా పోవచ్చును. అందువలన రెండింటినీ కలిపి వాడడం శ్రేయస్కరం. కబురు కోసం చూచి, నిర్ణీత సమయంలో రాకపోతే తానే అడగడం దీని సారాంశం.

మళ్ళీ పంపడం

జవాబు రానపుడు క్లయింటు చేయగలిగిన సహజమైన పని అదే సందేశాన్ని మళ్ళీ పంపడం. ఇది క్షేమమా కాదా అన్నది సందేశ స్వభావాన్ని బట్టి ఉంటుంది. దీపం వెలిగించు అనే ఆజ్ఞను పదిసార్లు ఇచ్చినా దీపం వెలిగే ఉంటుంది. స్విచ్చి స్థితి మార్చు అనే ఆజ్ఞను రెండుసార్లు ఇస్తే వెలిగిన దీపం ఆరిపోతుంది. ఎన్నిసార్లు చేసినా ఒకసారి చేసిన ఫలితమే ఇచ్చే పనిని ఐడెంపొటెంట్ అంటారు. హెచ్.టి.టి.పి. ప్రమాణం ప్రకారం గెట్, పుట్, డిలీట్ పద్ధతులు ఇట్టివి. పోస్ట్ పద్ధతికి ఈ హామీ లేదు. సొమ్ము చెల్లింపు వంటి పనులు సాధారణంగా పోస్ట్ ద్వారానే జరుగుతాయి.

అట్టి పనులను కూడా క్షేమకరం చేయడానికి ఒక ఉపాయం ఉన్నది. క్లయింటు ప్రతి పనికి ఒక తాళపుచెవి సంఖ్యను తానే ఏర్పరచి సందేశంలో పంపుతుంది. మళ్ళీ పంపవలసి వస్తే అదే సంఖ్యను వాడుతుంది. సేవ ఆ సంఖ్యను ఇంతకుముందే చూచి ఉంటే పనిని తిరిగి చేయక, పాత జవాబునే తిరిగి ఇస్తుంది. ఇందులో మూడు జాగ్రత్తలు అవసరం:

1. పని చేయడం, సంఖ్యను నమోదు చేయడం ఒకే డేటాబేసు లావాదేవీగా జరగాలి. రెంటికీ మధ్య సర్వరు ఆగిపోతే రక్షణ ఉండదు.
2. అదే సంఖ్యతో వేరే వివరాలు వస్తే తప్పుగా ప్రకటించాలి.
3. మొదటి అభ్యర్థన ఇంకా నడుస్తుండగా రెండవది వస్తే దానిని ఆపి ఉంచాలి, లేదా తిరస్కరించాలి.

మళ్ళీ మళ్ళీ పంపడంలో ఎడం కూడా ముఖ్యమే. ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అని విరామం పెంచుతూ పోవాలి. విరామంలో కొంత యాదృచ్ఛికత కలపాలి. లేకపోతే ఆగిపోయి లేచిన సర్వరు మీద క్లయింట్లన్నీ ఒకేసారి పడి దానిని మళ్ళీ కూల్చగలవు.

గడువు

క్లయింటు మధ్యలో మాయమైతే పట్టి ఉంచిన సీట్లు శాశ్వతంగా నిలిచిపోకూడదు. అందుకే ప్రతి తాత్కాలిక కేటాయింపుకు గడువు ఉంటుంది. గడువును సేవ తన గడియారం ప్రకారం లెక్కించాలి. రెండు కంప్యూటర్ల గడియారాలు సరిగ్గా ఒకేలా ఉంటాయని నమ్మరాదు.

గడువుతో ఒక చిక్కు కూడా ఉన్నది. పది నిమిషాల గడువు ముగిసే క్షణంలోనే చెల్లింపు పూర్తి కావచ్చును. అపుడు సొమ్ము అందింది, సీటు మాత్రం విడుదలైపోయింది. సీటు ఇంకా ఖాళీగా ఉంటే ఇవ్వాలి, లేకపోతే సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఈ సందర్భం అరుదే అయినా ముందుగా ఆలోచించి ఉంచకపోతే నష్టపోయేది ప్రయాణికుడే.

రద్దు, పరిహార చర్యలు

పలు సేవలు పాల్గొనే పనిలో అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. డేటాబేసులలో ఇందుకు రెండు దశల కమిట్ అనే పద్ధతిని వాడుతారు. మొదటి దశలో సమన్వయకర్త ప్రతి భాగస్వామినీ సిద్ధమేనా అని అడుగుతుంది. అందరూ సిద్ధమంటే రెండవ దశలో ఖరారు చేయమంటుంది. ఒక్కరు కాదన్నా అందరినీ విరమించమంటుంది. సిద్ధమని చెప్పిన భాగస్వామి తీర్పు వచ్చే వరకు తన వనరును తాళం వేసి ఉంచాలి. ఈ లోగా సమన్వయకర్త ఆగిపోతే ఆ తాళం అలాగే ఉండిపోతుంది. ఒకే సంస్థలోని కంప్యూటర్లకు ఇది సరిపోవచ్చును గాని, ఒకరినొకరు ఎరుగని సంస్థల మధ్య, గంటల తరబడి సాగే పనికి సరిపోదు.

దీనికి ప్రత్యామ్నాయంగా 1987లో హెక్టర్ గార్సియా-మోలినా, కెన్నెత్ సేలమ్ సాగా అనే పద్ధతిని ప్రతిపాదించారు. ఇందులో సుదీర్ఘమైన పనిని చిన్న చిన్న లావాదేవీలుగా విడగొట్టి, ప్రతి దానికి ఒక పరిహార చర్యను జతపరుస్తారు. మధ్యలో ఒక మెట్టు విఫలమైతే, అంతవరకు జరిగిన మెట్లకు పరిహార చర్యలను వెనుక నుండి ముందుకు జరుపుతారు. గది ఖరారు కాకపోతే సొమ్ము తిరిగి ఇచ్చి, తరువాత సీట్లను విడుదల చేయడం ఇందుకు ఉదాహరణ.

పరిహారం అంటే జరిగినదానిని చెరిపివేయడం కాదు. తిరిగి ఇచ్చిన సొమ్ము ఖాతా పుస్తకంలో రెండు పద్దులుగా కనబడుతుంది. పంపిన ఈమెయిలును వెనక్కు తీసుకోలేము, దిద్దుబాటు మరొకటి పంపగలము. కనుక వెనక్కు తీసుకోలేని మెట్టును వీలైనంతవరకు చివరకు ఉంచుతారు. పరిహార చర్య కూడా విఫలం కావచ్చును గనుక, అది కూడా ఎన్నిసార్లు చేసినా ఒకే ఫలితమిచ్చేదై ఉండాలి.

ప్రమాణాల చరిత్ర

2000 మే నెలలో సోప్ 1.1 ప్రతిపాదన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం పత్రంగా వెలువడింది. 2001లో వెలువడిన డబ్ల్యు.ఎస్.డి.ఎల్. 1.1 ఒక సేవ ఏ సందేశాలు తీసుకొంటుందో, ఏవి ఇస్తుందో వర్ణించింది. కాని ఏ సందేశం తరువాత ఏది రావాలో అందులో చెప్పే వీలు లేదు. ఈ లోటు పూరించడానికి పలు ప్రయత్నాలు జరిగాయి.

హ్యూలెట్-ప్యాకార్డ్ రూపొందించిన వెబ్ సేవల సంభాషణ భాష 2002 మార్చిలో కన్సార్టియం పత్రంగా వచ్చింది. అదే సంవత్సరం ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్, బి.ఇ.ఎ. సంస్థలు కలిసి బీపెల్ భాషను ప్రకటించాయి. ఐ.బి.ఎం. వారి డబ్ల్యు.ఎస్.ఎఫ్.ఎల్., మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌లాంగ్ దీనికి మూలాలు. సందేశం కోసం వేచి ఉండడం, గడువు ముగిస్తే వేరే దారి పట్టడం, పరిహార చర్యలు, సంభాషణ గుర్తులు – ఇవన్నీ బీపెల్‌లో భాగాలు. దీని 2.0 రూపం 2007లో ఒయాసిస్ సంస్థ ప్రమాణమైంది.

బీపెల్ పద్ధతిని ఆర్కెస్ట్రేషన్ అంటారు. పెళ్ళిపనులన్నీ ఒక పెద్ద చేతిలో పెట్టుకొని అందరికీ పురమాయించినట్లు, ఇందులో ఒక ప్రక్రియ మిగిలిన సేవలను నడిపిస్తుంది. రెండవ పద్ధతి కొరియోగ్రఫీ. కోలాటంలో వలె ఎవరి అడుగు వారికి తెలిసి, ఎదుటివారి అడుగును బట్టి కదలడం దీని రీతి. ఇందుకు ఉద్దేశించిన డబ్ల్యు.ఎస్.-సి.డి.ఎల్. 2005 నవంబరులో సిఫారసు అభ్యర్థి దశకు చేరింది గాని, తుది సిఫారసు కాలేదు. దాని కార్యవర్గం 2009లో ముగిసింది.

వీటితో పాటు సందేశాల సంఖ్యలకు, తిరుగు చిరునామాలకు డబ్ల్యు.ఎస్.-అడ్రసింగ్ 2006లో, సందేశాలు తప్పక చేరడానికి డబ్ల్యు.ఎస్.-రిలయబుల్ మెసేజింగ్ 2007లో ప్రమాణాలయ్యాయి. స్వల్పకాల లావాదేవీలకు, దీర్ఘకాల వ్యాపార కార్యాలకు వేర్వేరు ప్రమాణాలు కూడా 2007లోనే ఒయాసిస్ నుండి వెలువడ్డాయి.

రెస్ట్ పద్ధతి

2000లో రాయ్ ఫీల్డింగ్ తన పరిశోధనా గ్రంథంలో రెస్ట్ అనే నిర్మాణ రీతిని వివరించాడు. ఇందులో సర్వరు క్లయింటు సంభాషణను జ్ఞాపకం ఉంచుకోదు. ప్రతి అభ్యర్థనలోను కావలసిన సమాచారమంతా ఉండాలి. అయితే బహుసందేశ సంభాషణ ఎలా సాధ్యం? సంభాషణనే ఒక వనరుగా చేయడం దీనికి జవాబు. సీట్ల కేటాయింపుకు ఒక చిరునామా ఏర్పడుతుంది. ఆ చిరునామాను అడిగితే ప్రస్తుత స్థితి తెలుస్తుంది. చెల్లించడానికి, రద్దు చేయడానికి లింకులు ఆ జవాబులోనే ఉంటాయి. జవాబు పోయినా, చిరునామా తెలిసిన క్లయింటు తిరిగి అడిగి తెలుసుకొనగలదు. 2010 తరువాతి కాలంలో కొత్త సేవలు ఎక్కువగా ఈ రీతికి దగ్గరగా రూపొందినవి. సోప్ ఆధారిత సేవలు పాత వ్యవస్థలు గల సంస్థలలో ఇంకా నడుస్తున్నాయి.

భారతదేశంలో ఒక ఉదాహరణ: యు.పి.ఐ.

భారత జాతీయ చెల్లింపుల సంస్థ 2016 ఏప్రిల్‌లో ప్రారంభించిన యు.పి.ఐ. బహుసందేశ సంభాషణకు అందరికీ పరిచయమైన ఉదాహరణ. ఫోనులో ఒక్క మీట నొక్కినట్లే కనబడినా, వెనుక చెల్లించేవారి యాప్, జాతీయ సంస్థ, చెల్లించేవారి బ్యాంకు, పొందేవారి బ్యాంకు వంటి పక్షాల మధ్య పలు సందేశాలు నడుస్తాయి. అభ్యర్థన అందినట్లు వచ్చే రసీదు వేరు, పని ఫలితం తెలిపే జవాబు వేరు. లావాదేవీకి ఇచ్చిన గుర్తు ఈ సందేశాలను కలుపుతుంది. ముందు ఒక ఖాతాలో తగ్గింపు జరిగి, తరువాత రెండవ ఖాతాలో జమ కావాలి. జమ విఫలమైతే తగ్గించిన సొమ్మును వెనక్కు వేస్తారు. ఇది పరిహార చర్యయే. ఫలితం తెలియనపుడు యాప్ పెండింగ్ అని చూపడం, జవాబు రాకపోవడం వైఫల్యం కాదన్న సూత్రానికి అనుగుణమైనదే. ఆ సమయంలో వినియోగదారు తొందరపడి మళ్ళీ చెల్లిస్తే అది కొత్త గుర్తుతో కొత్త లావాదేవీ అవుతుంది. అందువలన అది రెండవ చెల్లింపుగానే లెక్కకు వస్తుంది.

ఈ పరిహారానికి గడువును భారతీయ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి ఉత్తర్వులో నిర్ణయించింది. దాని ప్రకారం ఖాతాలో సొమ్ము తగ్గి, అవతలి వ్యక్తి ఖాతాలో జమ కాకపోతే, లావాదేవీ జరిగిన మరుసటి రోజులోగా దానంతట అదే తిరిగి రావాలి. వ్యాపారికి చెల్లించినపుడు లావాదేవీ నిర్ధారణ అందకపోతే ఈ గడువు ఐదు రోజులు. గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకు 100 రూపాయలు వినియోగదారుకు చెల్లించాలి.

పరిమితులు

పైన చెప్పిన సాధనాలేవీ సందేహాన్ని పూర్తిగా తొలగించవు. కొన్ని సంభాషణలు ఎటూ తేలక నిలిచిపోతాయి. అందుకే సొమ్ముతో పని ఉన్న సంస్థలు తమ పద్దులను, ఎదుటి పక్షం పద్దులను నిర్ణీత వేళల్లో సరిపోల్చి చూస్తాయి. తేడా వచ్చినవాటిని మనుషులు పరిశీలించి తీర్పు చెబుతారు. ఆ పరిశీలన సాధ్యం కావాలంటే ప్రతి సందేశమూ గుర్తుతో, సమయంతో నమోదై ఉండాలి. నమోదు లేని సంభాషణలో ఎవరి మాట నిజమో తేల్చడానికి ఆధారం మిగలదు.